ఏ ప్రతి? ఏ ముద్రణ? - అచ్చుపుస్తకం పట్ల తెలుగు పరిశోధనలో ఉపేక్ష

తాళపత్ర ప్రతి దొరికితే తెలుగు పరిశోధకుడు దాని ఆకుల కొలతలు రాసుకుంటాడు. పత్రాల సంఖ్య, లేఖకుని పేరు, గద్య, చిల్లులు, లుప్తాక్షరాలు అన్నీ నమోదు చేస్తాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరా ప్రతులు తెప్పించి పోల్చిన నాటి నుంచి ఈ సంప్రదాయం ఉంది. 1829 నాటి ఆయన కూర్పులో 693 పద్యాలుంటే 1839 కూర్పులో 1164 ఉన్నాయి. వేమనను గురించి మాట్లాడేవారు ఏ కూర్పు గురించి మాట్లాడుతున్నారో చెప్పవలసి వచ్చింది అప్పుడే. ఇంతటి శ్రద్ధ గల పరిశోధన రంగం ఇరవయ్యో శతాబ్దపు అచ్చుపుస్తకం దగ్గరికి రాగానే కళ్లు మూసుకుంటుంది. సిద్ధాంత గ్రంథాల చివర ఉపయుక్త గ్రంథసూచిలో 'మహాప్రస్థానం' అని ఉంటుంది. పక్కన పరిశోధకుని చేతికందిన పునర్ముద్రణ సంవత్సరం ఉంటుంది. అచ్చయిన పుస్తకమంటే ఎక్కడైనా ఒకటేనన్న నమ్మకం దీనికి మూలం. ఆ నమ్మకం తప్పు.

అది ఎంత తప్పో ఒక అమెరికన్ కావ్యం చరిత్ర చూస్తే తెలుస్తుంది. వాల్ట్ విట్మన్ 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' 1855లో బ్రూక్లిన్‌లో, కవి సొంత ఖర్చుతో, ఒక చిన్న అచ్చుకూటంలో వెలువడింది. ముఖపత్రం మీద కవి పేరు లేదు. అందులో ఉన్నవి 12 కవితలు. మరుసటి ఏటి ముద్రణకు అవి 32 అయినాయి. ఆ తర్వాత 1860, 1867, 1871, 1881లలో కవి దాన్ని మళ్లీ మళ్లీ పెంచాడు, వరుసలు మార్చాడు, శీర్షికలు తీసి కొత్తవి పెట్టాడు. 1891-92 నాటి కడపటి ముద్రణకు అది వందలాది కవితల మహాగ్రంథమైంది. పేరు ఒక్కటే. పుస్తకాలు మాత్రం అరడజనుకు పైనే.

అంతకన్నా ముఖ్యమైన సంగతి తొలి ముద్రణ ప్రతుల్లోనే ఉంది. 1855లో కట్టినవి 795 ప్రతులని లెక్క. వాటిలో మిగిలినవి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏది ఎలా ఉందో అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్ ఫోల్సమ్ జనాభా లెక్క తీసినట్లు తీశాడు. బైండింగులు వేర్వేరుగా ఉన్నాయి. అచ్చు నడుస్తుండగానే ఒక పంక్తి మారింది. అన్నిటికన్నా విచిత్రం, మొదటి దీర్ఘకవిత చివరి వాక్యం తర్వాత కొన్ని ప్రతుల్లో చుక్క ఉంది, చాలా ప్రతుల్లో లేదు. చుక్క లేని ప్రతి మాత్రమే చూసిన విమర్శకులు కవి తన కవితను కావాలనే ముగించకుండా వదిలాడని వ్యాఖ్యానించారు. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అది అచ్చు మధ్యలో జారిపోయిన సీసపు ముక్క. ఒక సిద్ధాంతానికి ఆధారం అచ్చుకూటం నేల మీద పడిపోయిందన్నమాట. పాత ప్రతులు సేకరించి దాచినవారు లేకపోతే ఈ మాట చెప్పడానికి ఎవరికీ వీలుండేది కాదు.

దీనికీ తెలుగు సాహిత్యానికీ ఏమిటి సంబంధమన్న ప్రశ్న రావచ్చు. వచన కవిత్వ చర్చల్లో విట్మన్ పేరు రానిది అరుదు. కానీ 'విట్మన్ ప్రభావం' అనే ఆ మాట ఏ విట్మన్‌ను ఉద్దేశిస్తుంది? 1868లో విలియం మైకేల్ రోసెట్టి లండన్‌లో ప్రచురించిన సంకలనం ఆంగ్ల పాఠకులకు విట్మన్‌ను పరిచయం చేసింది. దాని నుంచి ఆ తొలి దీర్ఘకవితనే మొత్తంగా తొలగించారు. అప్పటి మర్యాదలకు అది మింగుడుపడదని సంకలనకర్త భయం. 1855 పాఠాన్ని మాల్కమ్ కౌలీ 1959లో మళ్లీ అచ్చు వేసేదాకా సామాన్య పాఠకునికి అది దాదాపు అందుబాటులో లేదు. కనుక 1930ల తెలుగు కవి మీద 1855 నాటి పంక్తుల ముద్ర ఉందని ఆ పంక్తులనే ఉదహరించి నిరూపించే తులనాత్మక వ్యాసం, ఆ కవి చేతిలో ఏ పుస్తకం ఉందో చూపనంతవరకు ఊహ మాత్రమే. ప్రభావం పుస్తకం నుంచి వస్తుంది. పుస్తకానికి సంవత్సరం ఉంటుంది, వెల ఉంటుంది, అది దిగిన రేవు కూడా ఉంటుంది.

'మహాప్రస్థానం' విషయంలో పరిస్థితి ఇంతకన్నా విచారకరం. 1930లలో పత్రికల్లో వచ్చిన కవితలు, 1940లో చలం రాసిన 'యోగ్యతాపత్రం', 1950లో మచిలీపట్నం నుంచి నళినీకుమార్ ప్రచురించిన తొలి ముద్రణ, ఆపైన లెక్కకు మిక్కిలి పునర్ముద్రణలు, 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ చేతిరాతతోనే వెలువరించిన కూర్పు. వీటన్నిటినీ అక్షరమక్షరం పోల్చిన పాఠ పరిష్కరణ ప్రతి నేటికీ తెలుగు శాఖల తరగతి గదిలో పాఠ్యగ్రంథం కాలేదు. 1950కీ 1981కీ మధ్య 31 ఏళ్లలో కవి చెయ్యి దేన్ని నిలుపుకుంది, దేన్ని మార్చింది అన్నది వ్యాఖ్యానానికి ముందు తేలవలసిన ప్రశ్న. ఆ లండన్ కూర్పు తెచ్చినాయన ఫ్రాన్సిస్ థాంప్సన్ వంటి ఆంగ్ల కవుల ముద్రణల వెంట జీవితమంతా తిరిగినవాడు కావడం యాదృచ్ఛికం కాదు. ప్రతి విలువ తెలిసినవాడే కవి చేతిరాతను అచ్చు వెయ్యాలనుకోగలడు.

అయితే సేకర్తల లోకం నిర్దోషి అని కాదు. వారి ఆరాధన తొలి ముద్రణతో మొదలై నలగని అట్టతో ముగుస్తుంది. అమెరికాలో 1855 ప్రతి లక్షల డాలర్లు పలుకుతుంది. ఇక్కడ తొలి ముద్రణ బీరువాలో తాళం మధ్య ఉంటుంది. ఎవరూ చదవని ప్రతికి ఎక్కువ వెల కట్టే ఈ కొలమానం సాహిత్య చరిత్రకు పనికిరాదు.

దానికి పనికివచ్చే ప్రతులు కారేపల్లి వంటి చోట ఉంటాయి. ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి కేంద్రమైన ఈ ఊళ్లో డోర్నకల్ నుంచి వచ్చే రైలుమార్గం చీలుతుంది. ఒక పాయ ఇల్లెందు బొగ్గు గనులకు, మరొకటి కొత్తగూడేనికి. 'మహాప్రస్థానం' అచ్చయిన 1950లో కారేపల్లి హైదరాబాదు రాష్ట్రంలో, వరంగల్ జిల్లాలో ఉంది. ఖమ్మం జిల్లా 1953లో గానీ ఏర్పడలేదు. అదే అడవికి ఆవలి అంచున ఉన్న భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోది. 1959లో గానీ ఖమ్మంలో కలవలేదు. అంటే మచిలీపట్నంలో అచ్చయిన పుస్తకం భద్రాచలంలో స్వరాష్ట్రపు పుస్తకం, కారేపల్లిలో పొరుగు రాష్ట్రపు పుస్తకం. ఒకే అడవికి రెండంచుల్లో ఒకే కావ్యం రెండు దారుల్లో చేరింది. ఏ ముద్రణ ఏ దారిన వచ్చిందో, ఎవరు కొన్నారో, ఎవరి చేతులు మారిందో సాహిత్య చరిత్రలు చెప్పవు. లోపలి అట్ట మీది సంతకం, పఠనాలయపు రబ్బరు ముద్ర, గని కార్మికుడో బడిపంతులో పెన్సిలుతో గీసిన గీత చెబుతాయి. అభ్యుదయ కవిత్వం ప్రజల్లోకి వెళ్లిందని వేల పేజీల్లో రాసుకున్న విమర్శకు, ఆ వెళ్లడానికి మిగిలిన భౌతిక సాక్ష్యం అదొక్కటే. ఆ సాక్ష్యం తూకానికి పోతోంది. చదువరి పోయాక ఇల్లు సర్దేవారికి అది చివికిన కాగితం, గ్రంథాలయానికి తొలగింపు జాబితాలో ఒక సంఖ్య.

డిజిటల్ ప్రతులున్నాయి గదా అన్న సమాధానం వినిపిస్తుంది. స్కానింగు ఒక ప్రతిని చూపుతుంది. తరచు అట్టలు వదిలేసి, ముద్రణ వివరాల పుట వదిలేసి చూపుతుంది. విట్మన్ చుక్క ఉదంతం మరోసారి గుర్తు చేసుకోవాలి. చుక్క జారిన ప్రతినే స్కాన్ చేసి మిగిలినవి పారేసి ఉంటే, ఆ పొరపాటే నేడు ప్రామాణిక పాఠం.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎం.ఏ. విద్యార్థి ప్రతి ఒక్కరూ వేసవి సెలవుల్లో సొంత మండలంలో ఒకే ఒక్క కావ్యం ప్రతుల లెక్క తీయాలి. కారేపల్లితో మొదలుపెట్టవచ్చు. శాఖా గ్రంథాలయం, పాఠశాలల బీరువాలు, కార్మిక సంఘాల కార్యాలయాలు, విశ్రాంత ఉపాధ్యాయుల ఇళ్లు తిరగాలి. ప్రతి పుస్తకానికి ఒక కార్డు: ముద్రణ సంఖ్య, సంవత్సరం, ముద్రాపకుడు, వెల, ప్రతుల సంఖ్య అచ్చయి ఉంటే అదీ, ముద్రలు, సంతకాలు, గీతలు, చిరిగిన పుటలు. పుస్తకాన్ని ఇంటివారి దగ్గరే ఉంచి, కార్డు మాత్రం విశ్వవిద్యాలయానికి తేవాలి.