కణశోధనలో సరిహద్దు విద్యాలయముల పాలు

1956వ సంవత్సరమున రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ఆదిలాబాదు జిల్లానుండి కిన్వట్, రాజురా తాలూకాలను, వానితోబాటు బోథ్ తాలూకాకు చెందిన ఇస్లాపూర్ సర్కిలును వేరుచేసి నాటి బొంబాయి రాష్ట్రమున కలిపినప్పుడు, పెనుగంగ చెంత సహస్రకుండ జలపాతమునకు చేరువనున్న ఈ ఇస్లాపూర్ ఊరికి రాష్ట్రము మారినదే గాని, ఇంట తెలుగును, సంతలో మరాఠీని, అడవిపల్లెలలో గోండిని మాటాడుకొనెడి ఇక్కడి జనుల రాకపోకలు మారలేదు. సరిహద్దును పాటింపని మఱియొక రాకపోకయు ఈ ప్రాంతమునకు కలదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1969 మొదలుకొని నడుపుచున్న బెలూను కేంద్రమునుండి విశ్వకిరణములను, వాయుమండలపు పై పొరలను పరిశీలించు పరికరములు ముప్పది నలువది కిలోమీటర్ల యెత్తునకు ఎగిరి, పని ముగిసిన పిమ్మట పెద్ద పారాచూటులమీద ఎక్కడనో ఒక చేనిలో దిగుచుండును. ప్రయోగముల కాలము వచ్చినప్పుడు అవి ఏయే జిల్లాలలో పడవచ్చునో పత్రికలలో ప్రకటింతురు. ఆ జాబితాలో ఆదిలాబాదుతోబాటు నాందేడు పేరును ఉండును. పెట్టెను విప్పవద్దనియు, దానిమీది చిరునామాకు గాని దగ్గరి పోలీసు ఠాణాకు గాని కబురంపుడనియు, చెక్కుచెదరకుండ కాపాడినవారికి బహుమానమును ఖర్చులును ఇత్తుమనియు ఆ ప్రకటన చెప్పును. పత్తిచేనిలో పడిన పెట్టెకు కావలికాచిన రైతు భౌతికశాస్త్రమునకు ఉపకారము చేసినవాడే. ఈ ప్రాంతపు పాలు అంతతో ఆగిపోవలసినదేనా?

రాజ్యములు ధనము వెచ్చించి కణములను ఢీకొట్టించు యంత్రములను కట్టకమున్ను కణశాస్త్రము ఆకాశమునుండి దిగివచ్చిన విద్య. 1932లో పాజిట్రానును, 1936లో మ్యూయానును విశ్వకిరణములలోనే కనుగొనిరి. నేడు అదే విద్య జెనీవా చెంత సెర్న్ ప్రయోగశాలలో 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల సొరంగమున సాగుచున్నది. దాని తరువాతిదిగా తలపెట్టిన భావి వర్తుల కొలైడరు చుట్టుకొలత 90.7 కిలోమీటర్లు, 2025 మార్చి 31న వెలువడిన సాధ్యతా నివేదిక ప్రకారము మొదటి దశకే 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు కావలెను. కట్టవలెనా వలదా యను నిర్ణయము 2028 ప్రాంతమున జరుగగలదనియు, కట్టినచో 2040ల నడుమ పని ప్రారంభింపగలదనియు అంచనా.

ఇంత దూరపు మాటకు ఇప్పుడే తొందరయేల యనువారు, కణములను పసిగట్టు పరికరములైన డిటెక్టరుల చరిత్రను గమనింపవలెను. సెర్న్‌లో ఇప్పుడు నడచుచున్న సి.ఎం.ఎస్., అట్లాస్ డిటెక్టరులకు ఉద్దేశపత్రములు సమర్పింపబడినది 1992లో. వానిలో తొలి కణసంఘాతములు నమోదైనది 2009లో. నడిమి పదునేడేండ్లలో ఏ భాగమును ఏ దేశము చేయవలెను, ఏ విశ్వవిద్యాలయమునందు ఏ పరీక్ష జరుగవలెను అను పంపకమంతయు తొలి కొన్నియేండ్లలోనే తేలిపోయినది. రాబోవు యంత్రములకును ఆ పంపకము ఇప్పుడే మొదలైనది. ఐరోపావారు 2021లో డిటెక్టరు పరిశోధనకు ఒక మార్గపత్రము వ్రాసికొని, దాని ననుసరించి వాయుపూరిత డిటెక్టరులకు, అర్ధవాహకములకు, కణశక్తిని కొలుచు కెలోరిమీటరులకు, ఎలక్ట్రానిక్సునకు వేర్వేరుగా అంతర్జాతీయ సహకార సంఘములను 2024నుండి నడుపుచున్నారు. విందుపంక్తికి ఆలస్యముగా వచ్చినవానికి మిగిలినదే వడ్డింతురు గదా, ఇక్కడను అంతే.

భారతదేశమునకు ఈ మార్గము క్రొత్తది కాదు. 1991లో సెర్న్‌తో ఒడంబడిక కుదిరినది, 2002లో పరిశీలక హోదా వచ్చినది, 2017 జనవరిలో అనుబంధ సభ్యత్వము లభించినది. సి.ఎం.ఎస్. డిటెక్టరులో అయస్కాంతమునకు వెలుపలి వరుసనున్న హాడ్రాన్ కెలోరిమీటరు నిర్మాణములో టాటా సంస్థతోబాటు పంజాబు విశ్వవిద్యాలయము పాలుగొన్నది. సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగమునకు ఫోటానులను లెక్కించు డిటెక్టరును కలకత్తాలోని సైక్లోట్రాన్ కేంద్రము ముందు నిలిచి చేయగా, భువనేశ్వరపు సంస్థయు, పంజాబు, జమ్ము, రాజస్థాన్ విశ్వవిద్యాలయములును చేయి కలిపినవి. ఈ పనులకు పరమాణుశక్తి విభాగమును, శాస్త్ర సాంకేతిక విభాగమును కలిసి ధనమిచ్చినవి. ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించునది జమ్ము పేరు. అది సంపన్న విద్యాపీఠము కాదు. ఐనను ఒక ఉమ్మడి ప్రతిపాదనలో తన వంతు పనిని తాను ఎత్తుకొన్నది. జమ్మువారు చేయగలిగినది వరంగల్లువారు, నాందేడువారు, విశాఖవారు చేయలేరా?

తెలుగువారికి ఈ విద్యయందు పూర్వపుణ్యము లేకపోలేదు. పశ్చిమగోదావరి జిల్లా గోరగనమూడిలో 1896లో జన్మించి, సన్న్యాసము స్వీకరించియు ప్రాగులో, లివర్పూలులో భౌతికశాస్త్ర పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రకభౌతిక శాఖను నెలకొల్పిన స్వామి జ్ఞానానందులు మనవారే. అక్కడి పరిశోధనాలయము ఆయన పేరనే యున్నది. నేడు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమును, హైదరాబాదు ఐ.ఐ.టి.యు అమెరికా ఫెర్మీ ప్రయోగశాలలోని న్యూట్రినో ప్రయోగములందున్నవి, ఐ.ఐ.టి. జపానులోని బెల్-2 ప్రయోగమునందును ఉన్నది. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయముల పేరులు డిటెక్టరు నిర్మాతల పట్టికలలో అరుదు. మేధ కొఱవడి కాదు. ఒంటరిగా వ్రాసిన చిన్న ప్రతిపాదన, మూడేండ్ల గ్రాంటు, మూడవయేట ముగిసిపోవు పరిశోధక సహాయకుని జీతము, ఆ పిమ్మట గదిలో దుమ్ముపట్టు పరికరము: ఈ వరుసలో ఇరువదియేండ్ల పని ఎట్లు సాగును?

డిటెక్టరు పని ఎట్టిదో ఒక ఉదాహరణముతో చెప్పెదను. రెసిస్టివ్ ప్లేట్ చాంబరను ఒక పరికరమున్నది. రెండు గాజుపలకలనో బేకలైటు పలకలనో రెండు మిల్లీమీటర్ల ఎడముతో ఎదురెదురుగ నిలిపి, ఆ ఎడము అంతటను సమముగ నుండునట్లు నడుమ చిన్న చిన్న బిళ్ళలను జిగురుతో అంటించి, అంచులను మూసి, లోపల ప్రత్యేకమైన వాయుమిశ్రమమును ప్రవహింపజేసి, తొమ్మిది పదివేల వోల్టుల విద్యుత్తును నిలుపుదురు. కణము దూసిపోయినచోట వాయువు అయనీకృతమై సంకేతము పుట్టును. ఒక జిగురుచుక్క వదలినను, వాయువు వెంట్రుకవాసి కారినను చాంబరు పనికిరాదు. కనుక ప్రతి చాంబరును దినముల తరబడి పరీక్షింతురు. ఆ పరీక్షకు కొలైడరు అక్కరలేదు, ఆకాశమునుండి చదరపు సెంటీమీటరునకు నిమిషమునకు ఒకటి చొప్పున రాలుచుండు మ్యూయానులే చాలును. అవి జెనీవాలో ఎట్లు రాలునో ఇస్లాపూర్‌లోనూ అట్లే రాలును. శుభ్రమైన గది, ఆగని కరెంటు, ఓర్పుగల చేతులు, లెక్క తప్పని కన్ను ఉన్న ఏ కళాశాలయందైనను ఈ పరీక్ష జరుగవచ్చును. ఐ.టి.ఐ. చదివిన యువకునికిని, ఎం.ఎస్సీ. చదివిన యువతికిని ఇందులో సమానముగ పని కలదు.

కావున నేను కోరునది ఒక్క ఉమ్మడి ప్రతిపాదన. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయములును, నాందేడులోని స్వామి రామానందతీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయమును, హైదరాబాదులోని రెండు కేంద్ర సంస్థలును కలిసి, వాయుపూరిత డిటెక్టరులలో ఒక నిర్దిష్టమైన భాగమును తమదిగా ఎంచుకొని, పదియేండ్లకు తగ్గకుండ ధనమడుగవలెను. రామానందతీర్థులు నిజాముపై నడపిన హైదరాబాదు ప్రజాపోరాటమున తెలుగు, మరాఠీ, కన్నడ జనులు ఏకమైరి. ఆయన పేరిట వెలసిన విద్యాపీఠము ఈ కలయికకు మొదట ముందుకు రాదగినది. అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానమువారు ఒక పెద్ద సంస్థ చుట్టును కొన్ని విశ్వవిద్యాలయములను చేర్చి నిధులిచ్చు పద్ధతిని ఇప్పటికే తెచ్చియున్నారు గనుక, తలుపు మూయబడిలేదు.

అయితే ఉమ్మడి యను మాటతోనే సరిపుచ్చరాదు. పెద్ద సంస్థ పరికరములను, విదేశప్రయాణములను ఉంచుకొని, చిన్న విద్యాలయమునకు పత్రముమీద పేరు మాత్రము మిగుల్చు పొత్తులు మనకు తెలియనివి కావు. ఏ పని ఎవరిది, ఏ పరికరము ఎక్కడ నిలుచును, సాంకేతిక సహాయకుల జీతము ఎన్నేండ్లవరకు ఎవరు భరింతురు అనునది ప్రతిపాదనలోనే వ్రాయవలెను. సెర్న్‌లో ప్రతి పెద్ద ప్రయోగమునకును ధనమిచ్చు సంస్థల ప్రతినిధులు యేట రెండుమార్లు కూర్చుండి ఎవరు ఏమి ఇచ్చిరో ఏమి మిగిలినదో సరిచూతురు. ఆ శిష్టాచారమును మనలో మనము అవలంబించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

త్రాగునీటికి, పాఠశాలకు ధనము చాలని తాలూకాలో ఈ మాట ఏలయని అడుగువారి ప్రశ్నను నేను గౌరవింతును. నా సమాధానమిది: ఇట్టి పొత్తులలో మనదేశపు వాటా చాలవరకు వస్తురూపమున ఉండును గాన, ఆ ధనము ఇక్కడి కర్మాగారములలో, ఇక్కడి జీతములలో వ్యయమగును, సి.ఎం.ఎస్.కు కావలసిన, గెమ్ అను వాయుపూరిత డిటెక్టరుల పలుచని పొరలను బెంగుళూరులోని ఒక కంపెనీ చేయనేర్చినది ఈ విధముననే. ఈ ధనము లేకున్నను నీటిపథకము దానంతట రాదు. ఇది ఉన్నచో ఒక జిల్లా కళాశాల చదువు మారును.

మఱియొకటి. తమిళనాడు తేని జిల్లాలో 1,500 కోట్ల రూపాయల న్యూట్రినో పరిశోధనాలయమునకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినను, కొండక్రింది పల్లెల భయసందేహములు తీరక, వ్యాజ్యములలో, అనుమతులలో చిక్కి అది నిలిచిపోయినది. శాస్త్రజ్ఞులు జనులతో మాటాడుట ధనము మంజూరైన తరువాత చేయదగిన పనికాదు. ఇటు మన పొరుగు హింగోలి జిల్లాలో అమెరికా పరికరభాగములతో, భారతదేశపు భూమి, నిర్మాణములతో, పరమాణుశక్తి, శాస్త్ర సాంకేతిక విభాగముల పొత్తున లైగో గురుత్వతరంగ పరిశోధనాలయమునకు 2,600 కోట్ల రూపాయలు 2023 ఏప్రిలులో మంజూరైనవి. ఉమ్మడిగా అడిగినచో మరాఠ్వాడా వంటి వెనుకబడిన ప్రాంతమునకును ఉన్నతశాస్త్రము రాగలదనుటకు ఇంతకన్న దగ్గరి సాక్ష్యము వలదు.

సెర్న్ నిర్ణయమునకు ఇంక ఎక్కువ వ్యవధి లేదు. మూడు రాష్ట్రములలోని ఈ విశ్వవిద్యాలయముల ఉపకులపతులు నాందేడులోనో, బాసరలోనో ఒకచోట సమావేశమై, తమ భౌతికశాస్త్ర శాఖలనుండి ఇద్దరిద్దరిని ప్రతిపాదన వ్రాయుటకు నియమింపవలెనని, ఆ పనికి కావలసిన తొలి వ్యయమును తమ విశ్వవిద్యాలయముల సొంత నిధులనుండి ఇప్పుడే కేటాయింపవలెనని ప్రార్థించుచున్నాను.