నయం కాకపోయినా సేవ ఉన్నది

పిల్లలూ!

హనుమకొండ నించి ఆరో తరగతి చదివే అమ్మాయి ఇల్లా అడిగింది: "మా తాతకు కాన్సరు. ఇక నయం కాదని డాక్టరుగారు చెప్పారు. మేము చేయగలిగేది ఏమీ లేదా?"

ఉన్నది తల్లీ, చాలా ఉన్నది.

రోగం నయం చేయడం వైద్యంలో సగమే. బాధ తగ్గించడం రెండో సగం. దీనిని ఉపశమన సేవ అంటారు. ఇంగ్లీషులో దీని పేరు పాలియేటివ్ కేర్. లాటిన్ భాషలో "పాలియం" అంటే పైన కప్పుకునే వస్త్రం. ఆ మాట అందులోనించే వచ్చింది. మన గొర్రెలకాపరి గొంగడి వానను ఆపలేదు, కాని కప్పుకున్నవాణ్ణి కాపాడుతుంది. ఈ సేవా అల్లాంటిదే.

దీనికి దారి చూపినవారిలో ముఖ్యురాలు ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్ (1918-2005). ఆమె మొదట నర్సు. రోగుల బాధ చూసి మళ్ళీ చదివి, 1957లో డాక్టరయింది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమం స్థాపించింది. నొప్పి తిరిగి వచ్చేదాకా ఆగకుండా, వేళకు ముందే మందివ్వడం ఆమె పద్ధతి. బాధ ఒంటిలోనే ఉండదనీ, దిగులూ, ఒంటరితనమూ కూడా బాధలేననీ ఆమె చెప్పింది.

గట్టి నొప్పికి మార్ఫిన్ అనే మందున్నది. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందవుతుంది, మార్ఫిన్ అందులోదే. నరాలు మోసుకుపోయే నొప్పి కబురును అది వెన్నుపాములోనూ, మెదడులోనూ అణచివేస్తుంది. దుర్వినియోగం కాకుండా 1985లో కఠినమైన చట్టం చేశారు. దానితో రోగులకు కూడా ఆ మందు దొరకడం కష్టమయింది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. ఆ మందు పెద్దలే, డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి, నువ్వు ముట్టుకోకూడదు.

హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఈ సేవ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాలలో కూడా కేంద్రాలు తెరిచి, నర్సులు రోగి ఇంటికే వెళ్ళే "ఆలన" సేవ ప్రారంభించింది. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించమని నాన్నతో చెప్పు.

ఇక నువ్వు చేయవలసినవి:

ఒకటి: తాత వింటూ ఉండగా ఆయన్ని గురించి గుసగుసలాడవద్దు. ఏం కావాలో ఆయన్నే అడుగు.

రెండు: ఒకే వైపు పడుకుంటే ఒళ్ళు పుండ్లు పడుతుంది. రెండేసి గంటలకు పక్క మార్చాలి. గడియారం చూసి అమ్మకు గుర్తుచేసే పని నీది.

మూడు: అన్నం వద్దంటే బలవంతపెట్టవద్దు. చివరి దినాలలో ఒంటికి ఆకలి తగ్గుతుంది. నోరెండితే, అమ్మనడిగి, తడిగుడ్డతో పెదవులు తడుపు.

నాలుగు: వరంగల్లులో ఆజంజాహి మిల్లు నడిచిన రోజులు ఎల్లా ఉండేవో అడుగు. చెప్పినంత మటుకు నోటుబుక్కులో రాసుకో. అలిసిపోతే ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చో.

ఏడుపు వస్తే దాచుకోకు, అమ్మతో చెప్పు. ఒకనాడు తాత వెళ్ళిపోతాడు. అది నువ్వు చేసిన ఏ తప్పు వల్లా కాదు.

మిగతా పిల్లలూ! మీ వాడలో మంచాన పడిన పెద్దవారుంటే మీరూ వెళ్ళి పలకరించి రండి.