ఈ-మెయిలు క్లయింటు ఎంపిక

సంస్థ యొక్క మెయిలు సర్వరులో చేరిన ఉత్తరాలను తెచ్చి చూపి, ఉద్యోగి వ్రాసిన ఉత్తరాలను సర్వరుకు అందజేసే సాఫ్టువేరును ఈ-మెయిలు క్లయింటు అంటారు. సర్వరు తపాలా కార్యాలయమైతే క్లయింటు తపాలా బంట్రోతు వంటిది. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ ఇందుకు ఉదాహరణలు. కేంద్ర ప్రభుత్వ ఈ-మెయిలు సేవ జోహో సంస్థకు మారడంతో ఈ ఎంపికకు ప్రాధాన్యత పెరిగినది.

నేపథ్యము

కేంద్ర ప్రభుత్వ శాఖల ఈ-మెయిలును చాలాకాలం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (స్థాపన 1976) నడిపినది. 2023లో చెన్నై కేంద్రముగా గల జోహోకు ఏడేళ్ళ ఒప్పందము లభించినది. 2025 అక్టోబరు నాటి వార్తల ప్రకారము సుమారు 12 లక్షల ఉద్యోగుల ఖాతాలు కొత్త సర్వరులకు మారినవి. చిరునామాలు మారనందున ఉత్తరము పంపే పౌరునికి తేడా తెలియదు. కాని సర్వరు మారినపుడు ఉద్యోగి వాడే క్లయింటు దానితో పొసగవలెను.

ప్రమాణాలు

* ఎస్.ఎమ్.టి.పి. (1982): ఉత్తరాలు పంపుటకు.
* పాప్ (1984): సాధారణముగా ఉత్తరాన్ని కంప్యూటరులోకి దింపి సర్వరు నుండి తొలగించును. ఆ కంప్యూటరు పాడైతే ఉత్తరాలూ పోవును.
* ఐమాప్ (1986): మార్క్ క్రిస్పిన్ రూపొందించినది. అసలు ప్రతి సర్వరులోనే ఉండుటచే ఫోనులోను, కంప్యూటరులోను ఒకే పెట్టె కనబడును.

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌కు వీటితోపాటు సొంత పద్ధతి కూడా ఉన్నది. థండర్‌బర్డ్ దానిని 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షను నుండి మాత్రమే నేరుగా అర్థము చేసుకొనుచున్నది.

ధ్రువీకరణ కూడా ముఖ్యమే. కేవలము సంకేతపదముతో లోనికి అనుమతించే పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ సేవలో 2022 అక్టోబరు 1 నుండి తొలగించసాగినది. కొత్త పద్ధతి తెలియని పాత క్లయింటులు ఆ సేవకు పనికిరాకుండా పోయినవి. సంకేతపదము సరియైనదే అయినా అవి తప్పని చూపుటచే వాడుకరులు తికమకపడుదురు.

చిన్న పట్టణాల కార్యాలయాలు

విశాఖపట్నం - అరకు మార్గములోని శృంగవరపుకోట వంటి మండల కేంద్రాలలో నెట్‌వర్కు అంతరాయమును కూడా లెక్కలోకి తీసుకొనవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరము దాటినపుడు ఉత్తరాంధ్రలో విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు తీవ్రముగా దెబ్బతిన్నవి. బ్రౌజరులో మాత్రమే మెయిలు చూసే కార్యాలయమునకు అటువంటి వేళ పాత ఉత్తర్వు ఒక్కటి కూడా దొరకదు. ఐమాప్ క్లయింటులో ప్రతులు నిలువ ఉంచుకున్నచో ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతవరకు చదువుకొనవచ్చును. అయితే ఆ యంత్రము దొంగల పాలైతే రహస్యాలు బయటపడును గనుక దాని డిస్కును సంకేతలిపిలోకి మార్చి ఉంచుట అవసరము.

విశ్లేషణ

ఒప్పందము ముగిసిన నాడు ఉత్తరాలను వేరొక సర్వరుకు తరలించుట సాధ్యమా అన్నది అసలు ప్రశ్న. ప్రభుత్వ ఉత్తరములు సమాచార హక్కు చట్టము (2005) పరిధిలోకి వచ్చు దస్తావేజులు. అవి ఒకే సంస్థ సాఫ్టువేరులో మాత్రమే తెరచుకొనునవైతే పౌరుని హక్కుకు కూడా భంగమే. ఇ-పరిపాలనలో బహిరంగ ప్రమాణాలు వాడవలెనని కేంద్ర ప్రభుత్వము 2010లోనే విధానము ప్రకటించినది. కనుక ఏ సంస్థ అయినా ముందుగా ఐమాప్, కొత్త ధ్రువీకరణ, తెలుగునకు యూనికోడ్, ఉత్తరాల ఎగుమతి అను నాలుగింటిని పరీక్షించి, ధరను, హంగులను ఆ తరువాత చూచుట మేలు.

ఇవి కూడా చూడండి

* ఈ-మెయిలు
* యూనికోడ్
* సమాచార హక్కు చట్టం