తాతయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టండి

చాలా ఇళ్లలో పెద్దవాళ్లు పోయాకే వాళ్ల ఫొటో కోసం వెతుకులాట మొదలవుతుంది. చివరికి ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోంచో మొహం కత్తిరించి, మసగ్గా ఉన్నా పెద్దది చేయిస్తారు. కొత్తగా డిజిటల్ కెమెరా పట్టినవాళ్లు మొదటి పాఠం తాతయ్యతోనే మొదలుపెట్టొచ్చు.

ఉదయం పూట ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి పేపరు చేతికివ్వండి. ట్యూబ్‌లైటు, ఫ్లాష్ ఆపేయండి. పక్కనుంచి పడే వెలుతురులో ముడతలూ ముచ్చటగా కనిపిస్తాయి. ఫోకస్ కంటి మీద ఉంచండి.

ఇక మూడే మూడు మీటలు. అపెర్చర్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్ 8 బదులు ఎఫ్ 4 పెడితే వెలుతురు నాలుగు రెట్లు వస్తుంది. వెనకున్న బీరువా మసకబారి మొహం తేటగా నిలుస్తుంది. షట్టర్ వేగం సెకనులో 125వ వంతు ఉంటే మేలు. నెమ్మదిస్తే మీ చెయ్యి వణికినా, ఆయన తల తిప్పినా బొమ్మ చెదురుతుంది. అప్పటికీ చీకటిగా ఉందా? ఐఎస్‌ఓను 400 నుంచి 800కు పెంచండి. మరీ పెంచితే ఇసక చల్లినట్టు చుక్కలొస్తాయి.

రీలు రోజుల్లో 36 ఫొటోలతో సరి. ఇప్పుడు వంద తీసినా ఖర్చు లేదు. అయితే కార్డులోనే వదిలేయకండి. రెండుచోట్ల దాచి, బాగున్నదొకటి ప్రింటు వేయించి తాతయ్య చేతికే ఇవ్వండి.