మేత కలపాల్సింది పొలంలోనా, గాడిలోనా?

పశుగ్రాస సాగులో గడ్డిజాతిని ఒంటరిగా పెంచాలా, పప్పుజాతితో కలిపి వేయాలా అన్న ప్రశ్నకు నీటి వసతి ఉన్న తెలుగు పాడి రైతులు ఆచరణలో ఇప్పటికే ఒక జవాబు చెప్పుకున్నారు: హైబ్రిడ్ నేపియర్ ఒక్కటే చాలు. సజ్జను, నేపియర్‌ను సంకరపరచి రూపొందించిన ఈ గడ్డిని ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు కోతకు వస్తూనే ఉంటుంది కనుక ఆ జవాబును తప్పుపట్టడం కష్టం. అయితే మేతను టన్నుల్లో మాత్రమే కొలిచే అలవాటు దాని వెనుక ఉంది. నేపియర్ పొడి పదార్థంలో మాంసకృత్తులు సుమారు 8 నుంచి 10 శాతం ఉండగా, అలసంద మేతలో 15 శాతానికి పైగా, లూసర్న్‌లో 20 శాతం దాకా ఉంటాయి. ఈ తేడాను రైతు కొనుగోలు దాణాతో పూడ్చుకుంటున్నాడు. ఎకరా దిగుబడిని లెక్కించేవారు ఆ ఖర్చును మాత్రం లెక్కలోకి తీసుకోరు.

వేర్వేరు జాతుల గడ్డిని కలిపి విత్తిన మడిలో ఒకే జాతి విత్తిన మడికన్నా ఎక్కువ మేత వస్తుందని డార్విన్ 1859 నాటి తన గ్రంథంలోనే ప్రస్తావించాడు. గడ్డి, పప్పుజాతుల జోడీలో దీనికి ప్రధాన కారణం నత్రజని. పప్పుజాతి వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది కాబట్టి, ఆ పైరు నేలలోని నత్రజని కోసం పక్కనున్న జొన్నతో అంతగా పోటీపడదు. అలసంద తన నత్రజనిని అదే పంటకాలంలో జొన్నకు ధారపోస్తుందన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. వేర్లు, బుడిపెలు కుళ్లిన తరువాత ఆ లాభంలో ఎక్కువ భాగం తరువాతి పైరుకు దక్కుతుంది. మిశ్రమం విలువను కొలవడానికి శాస్త్రవేత్తలు వాడే భూసమాన నిష్పత్తి, కలిపి వేసిన ఒక ఎకరం దిగుబడిని విడివిడిగా తీయడానికి ఎన్ని ఎకరాలు కావాలో చెబుతుంది. అది ఒకటిని మించితే కలపడం లాభమే. ఆ లాభం కూడా తరచుగా బరువులో కన్నా మాంసకృత్తుల్లోనే ఎక్కువగా కనబడుతుంది.

వర్షాధార భూముల్లో ఈ వాదనకు బలమెక్కువ. జొన్న రెండు సాళ్లకు అలసంద ఒక సాలు వేస్తే, వాన ముఖం చాటేసిన ఏడు ఒకటి దెబ్బతిన్నా రెండోది కొంతైనా చేతికొస్తుంది. లేత జొన్నలో ఉండే, రైతులు నాము అని పిలిచే హైడ్రోసయనిక్ ఆమ్ల దోషాన్ని మాత్రం అలసంద తొలగించలేదు కనుక, పూత దశ వరకు ఆగి కోయడం మిశ్రమంలోనూ తప్పదు. రాయలసీమ బంజరు భూముల్లో అంజన్ గడ్డి, స్టైలో కలిపి చల్లడం మేలు. పై పొర గట్టిగా ఉండే స్టైలో విత్తనాన్ని ముందుగా వేడినీటితో శుద్ధి చేయకపోతే మొలక సరిగా రాదు.

యూరియా దండిగా వేసి నీరు పెట్టే నేపియర్ మడిలో పరిస్థితి వేరు. గడ్డి ఏపుగా ఎదిగి నీడ కమ్మడంతో సాళ్ల మధ్య వేసిన అలసంద కుంగిపోతుంది, రెండు మూడు కోతల్లో మిశ్రమం పేరుకే మిగులుతుంది. అక్కడ లూసర్న్‌నో దశరథ గడ్డినో వేరే మడిలో పెంచి, చాఫ్‌కట్టర్ దగ్గర నేపియర్‌తో కలపడమే వివేకం. పచ్చి లూసర్న్‌ను ఒంటరిగా మేపితే వచ్చే కడుపుబ్బరం ముప్పు కూడా దీనితో తగ్గుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు ఈ పద్ధతిని ఎన్నడో పాటించారు: కోతకు ముందు వరి చేలో జనుము, పిల్లిపెసర చల్లి, ఆ పచ్చిమేతను మాంసకృత్తులు అతి తక్కువగా ఉండే వరిగడ్డితో కలిపి మేపారు. మిశ్రమం పొలంలో లేదు, గాడిలో ఉంది. కోతయంత్రాల చక్రాల కింద నలిగే మొలకలు ఇప్పుడు ఆ ఆనవాయితీకి అడ్డు.

ఏ పద్ధతి ఎంచుకున్నా అసలు చిక్కు విత్తనం. మేత పైరును కాయ ముదరకముందే కోస్తారు కాబట్టి విత్తనం కోసం ప్రత్యేకంగా పంట పండించాల్సిందే. నేపియర్ కణుపులు పొరుగు రైతు నుంచి తేలికగా దొరికినట్టు అలసంద, స్టైలో విత్తనాలు దొరకవు. ప్రభుత్వాలు నేపియర్ విస్తీర్ణపు లక్ష్యాలను కాస్త పక్కనపెట్టి, పప్పుజాతి మేత విత్తనోత్పత్తిని రైతు సంఘాలకు హామీ ధరతో అప్పగించాలి.