ముందు జాడీని కొలవండి

సర్ఖనిలో మా వంటింటికి అలమరాలు చేయించాలనుకున్నాం. బ్యాంకువాణ్ణి కదా, నేను ముందు ధరల కాగితం పట్టుకున్నాను. మా ఆవిడ ఆవకాయ జాడీ తెచ్చి ముందు పెట్టి, "ముందు దీన్ని కొలవండి" అంది. మూతతో 14 అంగుళాలు. సుతార్ (ఇక్కడ వడ్రంగిని అలాగే అంటారు) గీసిన అర 12 అంగుళాలే!

నిరుడు పై అరలో డబ్బా కోసం స్టూలెక్కి జారి ఆవిడ మణికట్టు విరగ్గొట్టుకుంది. రెండు నెలలు వంట నాది, తిట్లూ నావే. అందుకే ఈసారి ఆవిడ చెయ్యెత్తితే అందేచోట గోడమీద పెన్సిలుతో గీత గీశాం. రోజూ వాడేవన్నీ దాని కిందే. బియ్యం డబ్బా, జాడీ నేలకి దగ్గర. పైన పండగ గిన్నెలు, అవీ తేలికవి.

చెక్క దగ్గర మాత్రం నా మాట చెల్లింది. కిన్వట్ అడవుల టేకు పక్కనే ఉన్నా మా జేబుకి దూరం. సింకు కింద మామూలు ప్లైవుడ్ చెమ్మకి ఉబ్బిపోతుంది. అక్కడికి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నదే అడగండి, ప్రతి షీటు మీదా చూసుకోండి, బిల్లులోనూ రాయించుకోండి.

సుతార్ కింది అరని 17 అంగుళాలు చేశాడు. ఇక ఆదిలాబాద్ నుంచి కారం రావాలి.