నీళ్ళు రాలె

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి కంప్యూటరుతో ఏం పని అని మా దామరచర్లలో అడిగేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చిత్తగించండి.

యంత్రంచేత మాటలు లెక్కపెట్టించడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1949లో రొబెర్తో బూసా అనే ఇటలీ మతగురువు ఐ.బి.ఎం. కంపెనీ గుమ్మమెక్కాడు. థామస్ అక్వినాస్ గ్రంథాలలో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో సూచిక తయారు చేయాలి, సాయపడండి అన్నాడు. సుమారు కోటి పది లక్షల మాటలు! ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇవాళ బల్లమీది పెట్టె ఆ లెక్క నిమిషాల్లో తేలుస్తుంది. అది చూసి సమాజశాస్త్రం వాళ్ళు ఊరుకుంటారా? పత్రికలు, శాసనసభ చర్చలు, జనం పెట్టుకున్న అర్జీలు దానిముందు పోసి, లోకం దేన్నిగురించి ఎంత మాట్లాడుతున్నదో కొలుస్తున్నారు.

మా దగ్గర చదివి వెళ్ళిన ఒకమ్మాయి ఈ విద్యకే పూనుకుంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతులు నీళ్ళ గురించి ఏమంటున్నారన్నది ఆమె పరిశోధన. సాగర్‌కు శంకుస్థాపన 1955లో, కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. కాలువ మొదట్లో ఉన్నవాడి మాట వేరు, చివరనున్నవాడి మాట వేరు. ఆ తేడాయే ఆమెకు కావాలి. రైతుల మాటలు రికార్డు చేసి, పలికినది పలికినట్లు రాసుకుంది. పైథాన్ కూడా నేర్చుకుంది. పేరు కొండచిలువదే గాని, మనిషిని మింగదు లెండి.

తీరా లెక్కకు దిగితే తెలుగు అడ్డం తిరిగింది. యంత్రానికి ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదే మాట. నీళ్ళు, నీళ్ళకు, నీటితో, నీళ్ళొచ్చినయి అన్నీ దానికి వేర్వేరు మాటలు. పోనీ ప్రత్యయాలు కత్తిరించమంటే చివరి ‘లు’ బహువచనమనుకుని ‘పాలు’ను ‘పా’ చేసి కూర్చుంది! సంధులు, విభక్తులు పరీక్ష అయ్యాక పారేసే సరుకని పిల్లలు అనుకుంటారు గదా. ఆమె బాల వ్యాకరణం మళ్ళీ దుమ్ము దులిపింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ధాతువుల పట్టిక ఒకటి యంత్రానికిచ్చి, నీళ్ళ పక్కన ఏ క్రియలొచ్చాయో చూడమంది. మర్నాడు ఫోను: “సార్, మిషను లెక్క చూస్తే మనవైపు వానలే వానలు!”

ఏమిటా అని చూస్తే, రైతులు పదేపదే “నీళ్ళు రాలె” అన్నారు. మా నల్లగొండ వైపు ఆ మాటకు రాలేదని అర్థం. పుస్తకాల తెలుగు నేర్చిన యంత్రం దాన్ని ‘రాలెను’ కింద జమకట్టింది. ఆకులు రాలినట్లు నీళ్ళు రాలాయట! చేను ఎండినవాడి గోడు చేను తడిసినవాడి ఖాతాలో పడింది. ఈ పట్టిక ఏ అధికారి బల్లమీదికైనా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

తప్పు యంత్రానిది కాదు. దానికి దొరికే తెలుగులో ఎక్కువ పాలు అచ్చయిన తెలుగే. 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లాలో రైతుల నోట వినిపించే మాటలు చేర్చి, వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. అలాంటి పుస్తకం పక్కన లేకుండా ఈ లెక్కలకు దిగడం సాహసమనే నా అభిప్రాయం.

ఇప్పుడామె పద్ధతి మార్చింది. ప్రతి మాటనూ దాని ముందువెనుకల మాటలతో సహా వరుసగా అచ్చుతీసి చూస్తున్నది. కొన్ని వందల వాక్యాలు విడిగా ఏరి, ఇద్దరు వేర్వేరుగా చదివి ‘వచ్చాయి’, ‘రాలేదు’ అని గుర్తులు పెట్టాలి. ఇద్దరి గుర్తులూ ఎంతమేరకు కలిశాయో చూసుకున్నాకే యంత్రాన్ని వాటితో సరిపోల్చాలి. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో మనిషి వాడపల్లివైపు రైతు. పదో తరగతి దాకా చదివాడు. మొదటి నూరు వాక్యాలలో మేమిద్దరం పదకొండుచోట్ల విభేదించాం. వాటిలో తొమ్మిదింట ఆయన మాటే ఖాయమైంది.